నాలుగు రిపోర్టుల్లో గోరింటాకు

ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను రాసిన రిపోర్టు ఒక్కటీ తప్పుందని వెనక్కి రాలేదు. ఇది గొప్పకి చెబుతున్న మాటే, కాదనను. కొత్తగా చేరినవాళ్ళకి నా పాత ఫైళ్ళు ఇచ్చి, రాస్తే ఇలా రాయాలి అని చూపించేవారు. బిడ్డ వయసు, బడి, ఇంటి పరిస్థితి, అధికారి అభిప్రాయం, కింద సంతకం. రెండు పేజీలు దాటేది కాదు, ఒక్క కొట్టివేత ఉండేది కాదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు ఆ ఫైళ్ళలో ఒకదాని సంగతి చెబుతాను. అందులో మొదటి నాలుగు రిపోర్టుల్లోనూ కొట్టివేతలు లేవు.

నేను శ్రీకాకుళం జిల్లాలో బాలల సంరక్షణ విభాగంలో పనిచేసి రెండేళ్ళ కిందట రిటైరయ్యాను. ఫలానా ఇంట్లో బిడ్డని బడి మాన్పించారనో, కొడుతున్నారనో ఎవరైనా ఫిర్యాదు చేస్తే మేం వెళ్ళి చూసి, బాలల సంక్షేమ కమిటీకి రిపోర్టు ఇవ్వాలి. ఆ బిడ్డ ఎక్కడ ఉండాలో కమిటీ తేలుస్తుంది. కమిటీవాళ్ళు ఆ ఇంటికి వెళ్ళరు. మేం రాసిందే వాళ్ళకి కళ్ళూ చెవులూ.

రిటైర్మెంటుకి మూడేళ్ళున్నాయనగా నన్ను పీజీ డిప్లొమాకి పంపారు. చిక్కు కేసుల్లో పిల్లల్ని కాపాడటం ఎలాగో, ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకే నేర్పే చదువు. శని, ఆదివారాలు విజయనగరంలో క్లాసులు. నాకు ససేమిరా ఇష్టం లేదు. మోకాళ్ళ నొప్పులు అన్నాను, మనవరాలి బారసాల అన్నాను, ఏదీ పారలేదు. శనివారం పొద్దున్నే శ్రీకాకుళంలో బస్సెక్కితే ఎచ్చెర్ల దాకా యూనివర్సిటీ పిల్లల బ్యాగుల మధ్య ఇరుక్కుని కూర్చోవాలి. మొదటిరోజు ఒకమ్మాయి, మీరు ఏ సబ్జెక్టు చెబుతారు మేడమ్ అని అడిగింది. ఈ వయసులో చదువుకోడానికి వెళ్తున్నానని చెప్పడానికి సిగ్గేసి ఎకనామిక్స్ అనేశాను. ఆ తర్వాత ఆర్నెల్లపాటు ఆ పిల్ల కనబడితే చాలు, కిటికీలోంచి బయటికి చూసేదాన్ని.

మా బెంచీ మీద నాతోపాటు ఇద్దరు. ఒకావిడ ఉద్దానం వైపు సర్కారు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. మాట తక్కువ మనిషి. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చేది, నిద్ర ఆపుకోడానికి క్లాసంతా నోట్సు రాస్తూనే ఉండేది. రెండో ఆయన ఎస్సై. నోటికి అడ్డూ ఆపూ లేదు గానీ మధ్యాహ్నం మా క్యారేజీలు విప్పినప్పుడు తన పీతల కూర ముందు మాకు వడ్డించాకే తాను తినేవాడు.

పాఠం చెప్పే ఆవిడ మా అమ్మాయి ఈడుది. ఆవిడ పద్ధతులు నాకు మొదట్నించీ నచ్చలేదు. బిడ్డతో మాట్లాడేటప్పుడు బిడ్డ కంటే ఎత్తులో కూర్చోకూడదట. జవాబు రాకపోతే ప్రశ్న మార్చకుండా ఊరుకోవాలట, ఎంతసేపైనా సరే. ఒకసారి ఎస్సైని పిల్లాడిగా, నన్ను అధికారిగా పెట్టి అందరి ముందూ మాట్లాడించింది. నిమిషంలో ఏడు ప్రశ్నలు అడిగానట, ఆవిడ లెక్కపెట్టింది. ఆ మీసాల పిల్లాడు, "మా అమ్మ దగ్గరకి ఎల్లిపోతానండి" అని మొహం ముడుచుకుంటే క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఆ రోజు సాయంత్రం బస్సులో నవ్వు రాలేదు. మేం ఫిర్యాదు వచ్చిన ఇళ్ళకి వెళ్ళేటప్పుడు వెనక జీపు డ్రైవరు హారన్ కొడుతుంటాడు, ఇంకా మూడిళ్ళు ఉంటాయి. ఊరుకుని కూర్చోడానికి మాకు టైమెక్కడిదని మనసులో ఆవిడతో పోట్లాడుతూనే ఇల్లు చేరాను.

రెండో ఏడాది ప్రతివాళ్ళూ తమ కేసు ఒకటి క్లాసులో చదివి వినిపించాలన్నారు. వినేవాళ్ళు ప్రశ్నలు మాత్రమే అడగాలి. మెచ్చుకోకూడదు, సలహా ఇవ్వకూడదు. ఎవరైనా సలహాకి నోరు తెరిస్తే టీచరమ్మ చెయ్యెత్తి ఆపేసేది. నేను వెతికి వెతికి ఒక మంచి కేసు ఏరుకున్నాను. మంచి కేసంటే నేను బాగా చేశాననుకున్న కేసు.

అది పదకొండేళ్ళ పాప కేసు. ఉద్దానంలో జీడితోటల మధ్య ఊరు. తల్లి చనిపోయింది, తండ్రి చెన్నైలో భవనాల పనికి వెళ్ళి రాకపోకలు తగ్గించేశాడు. పాప పెదనాన్న, పెద్దమ్మల దగ్గర పెరుగుతోంది. బడికి సరిగా రావడం లేదని హెడ్మాస్టరు రాస్తే ఏడాదిలో నాలుగుసార్లు ఆ ఇంటికి వెళ్ళాను. నాలుగుసార్లూ ఇల్లు అద్దంలా ఉంది. పాప తల దువ్వుకుని, రిబ్బన్లు కట్టుకుని, యూనిఫాంలో ఉంది. ఎలా ఉన్నావమ్మా అంటే బాగున్నానండి అంది. నాలుగో రిపోర్టులో ఫైలు మూసేయవచ్చని సిఫారసు చేశాను. ఆ వచ్చే బుధవారమే అది కమిటీ ముందుకి వెళ్తుంది, మూసేస్తారు.

ఇదంతా గొంతు సవరించుకుని మరీ చదివాను. ఎస్సై చెయ్యెత్తి, వెళ్ళేముందు వాళ్ళకి తెలుస్తుందా అని అడిగాడు. తెలుస్తుంది, వారం ముందే అంగన్వాడీ ఆవిడతో కబురు పెడతాను అన్నాను. మనవైపు చెప్పాపెట్టకుండా ఒకరింటి గుమ్మం ఎక్కితే ఆ ఇంటికి ఎంత అవమానమో, పొలాల్లోంచి మనుషుల్ని పిలిపించుకోడం ఎంత కష్టమో వివరించాను. ఆయన ఏదో అనబోయి, టీచరమ్మ చెయ్యి చూసి మింగేశాడు.

అప్పుడు నర్సు లేచింది. అంతవరకూ ఆవిడ ఎవర్నీ ఏదీ అడిగి ఎరగదు.

"మేడమ్, నాలుగు రిపోర్టుల్లోనూ పాప సేతులకి గోరింటాకు ఉందని రాసినారు కదా."

అవునన్నాను. ఆ ముక్క నాకే ముచ్చటగా ఉండేది. తల్లిలేని పిల్లకి పనిగట్టుకుని గోరింటాకు పెట్టారంటే ముద్దుగా చూసుకుంటున్నట్టే కదా అని, నాలుగుసార్లూ ప్రత్యేకంగా రాశాను.

"ఆషాడంలో ఎట్టుకుంటారు, సరే. మీరు మాఘంలో కూడా ఎల్లినారు. ఎలగ ఎట్టినారు మేడమ్? అరసేతిలో సుక్క ఎట్టి ఏళ్ళకి టోపీలెట్టినారా, నేకపోతే ఏళ్ళూ అరసెయ్యీ మొత్తం మెత్తీసినారా?"

కళ్ళు మూసుకుంటే కనబడింది. మొత్తం మెత్తారు. పాపం పెద్దమ్మకి పెట్టడం రాదు కాబోలు అనుకున్నాను అప్పట్లో.

నర్సు ఇంకేం అడగలేదు. నేనే, ఏమిటి మీ ఉద్దేశం అని గట్టిగా అడిగాను. నర్సు తలొంచుకుని చెప్పింది. వాళ్ళ వార్డుకి జీడిపిక్కలు కొట్టేవాళ్ళు వస్తుంటారు. గింజ గుల్లలో ఉండే నూనె తగిలితే చర్మం కాలి నల్లబడి ఊడిపోతుంది. చిన్నపిల్లలు వస్తే ఒక్కోసారి ఆ మరకలు కనబడకుండా పైన గోరింటాకు ఉంటుంది.

నాకు తలకొట్టేసినట్టయింది. కానీ నిజం చెప్పాలి కదా, ఆ క్షణంలో పాప గుర్తుకు రాలేదు. పదిహేనుమంది ముందు పరువు పోయిందన్న బాధే ముందొచ్చింది. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వరండా చివరకి పోయి ఒక్కదాన్నే తిన్నాను. ఎస్సై పీతల కూర గిన్నె తెచ్చి పక్కన పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆ గిన్నె ముట్టుకోలేదు. సాయంత్రం బస్సులో డిప్లొమా మానేస్తున్నట్టు ఉత్తరం మనసులో రాసుకున్నాను. రణస్థలం దాటాక పాప నాలుగుసార్లూ చేతులు ఒళ్ళో బోర్లించి కూర్చోవడం కళ్ళముందుకి వచ్చింది. ఆ తర్వాత ఉత్తరం ముందుకి సాగలేదు.

సోమవారం ఎవరికీ చెప్పకుండా జీపులో బయల్దేరాను. చెప్పకుండా వెళ్తున్నానని నా తెలివికి నేనే మురిసిపోతున్నాను గానీ, సర్కారు జీపు ఊళ్ళోకి వస్తే వేరే కబురెందుకు? పైగా ఊరి మొదట్లో సిమెంటు రోడ్డు వేస్తున్నారు. జీపు అక్కడే వదిలి, నా మోకాళ్ళతో కుంటుకుంటూ ఆ ఇంటికి చేరేసరికి పావుగంట పట్టింది. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. పాప గుమ్మం పక్కన రెండు చేతులూ ముందుకి చాపి కూర్చుంది. అప్పటికప్పుడు నీళ్ళలో కలిపిన గోరింటాకు పొడి, మణికట్ల మీంచి మోచేతుల దాకా పచ్చగా కారుతోంది.

ఈ రోజు ఏం పండగమ్మా అని అడిగాను.

"పండగేటండి, గుంట సరదా పడినాది, ఎట్టినాను" అంది పెద్దమ్మ.

కడగమందామనుకున్నాను. కానీ పండకముందే కడిగేస్తే ఎలాగండీ అని ఆవిడ అంటుంది, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ అవునంటారు. అందుకని, పండేదాకా కూర్చుంటాను, రంగు చూసే వెళ్తాను అన్నాను. కుర్చీ పక్కకి జరిపి గుమ్మం ముందు నేలమీద, పాప కంటే ఒక మెట్టు కింద చతికిలబడ్డాను. మోకాళ్ళు హాహాకారాలు చేశాయి. పాఠం బాగా వంటబట్టి కాదు, ఇంకేం చెయ్యాలో తోచక.

మధ్యాహ్నమైంది. పాప అన్నం తినలేదు. చేతులు కడిగాక తింటుందిలెండి అంది పెద్దమ్మ. గోరింటాకు పెట్టుకున్నవాళ్ళకి పక్కవాళ్ళు తినిపించడం మన ఇళ్ళల్లో మామూలే కదా, కంచం ఇలా ఇవ్వండి నేను తినిపిస్తాను అన్నాను. అది కాదనడానికి ఆవిడకి దారి దొరకలేదు. అన్నంలో చారు పోసి తెచ్చి నా చేతికిచ్చి, ఫోను పట్టుకుని భర్తకి చెప్పడానికి వీధిలోకి పరుగెత్తింది.

నాలుగు ముద్దలు తినిపించాను. ఒక్క ప్రశ్న అడగలేదు. నా ఉద్యోగంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. నాలుక చివర పది ప్రశ్నలు ఉన్నాయి, ఆవిడ ఏ నిమిషానైనా తిరిగొస్తుంది. అయిదో ముద్దకి పాప నోరు తెరవలేదు, మాట్లాడింది.

"మీరు ఈసారి కబురెట్టనేదు."

పెట్టలేదమ్మా అన్నాను.

"కబురెడితే నాలుగు రోజులు ముందే పిక్కలు కొట్టడం ఒగ్గీమంటాది పెద్దమ్మ. బడికి కూడా పంపిస్తాది." ముద్ద తీసుకుంది, నెమ్మదిగా నమిలి మింగింది. "నెలనెలా కబురెట్టండి మేడమ్. మీరు రాపోయినా పరవానేదు. వస్తానని సెప్పండి, సాలు."

ఆ పాప నన్ను కాపాడమని అడగడం లేదు. నెలకి నాలుగు రోజుల సెలవు అడుగుతోంది. ఏడాదంతా నేను ఆ ఇంటికి తీసుకెళ్ళింది అదొక్కటే అని తనకి తెలుసు, నాకే తెలియలేదు.

తర్వాత తనే చెప్పింది. బుధవారం ఫైలు మూసేస్తే నేనింక రానని ఇంట్లో అనుకున్నారట. ఆ పైన తనని బరంపురంలో జీడిపప్పు వ్యాపారి ఇంట్లో పనికి ఉంచుతారట. బుధవారం సంగతి వాళ్ళకి చెప్పింది నేనే. ఇంక బెంగపడకండి, మీకు మా బాధ వదిలిపోతుంది అని నవ్వుతూ ఫోన్ చేసి చెప్పాను, మర్యాదకి.

క్లాసులో ఎన్నడూ అడగొద్దని నేర్పిన ప్రశ్న ఒకటుంది. అదే అడిగేశాను. నాలుగుసార్లు వచ్చాను కదమ్మా, నాతో ఎందుకు చెప్పలేదు అన్నాను. పాప నా మొహంలోకి చూసింది. "మీరు ఎలగున్నావని అడిగినారు. ఆ రోజు బాగానే ఉన్నాను కదండీ" అంది. అందులో నిష్ఠూరం కూడా లేదు.

కుళాయి దగ్గరకి తీసుకెళ్ళి చేతులు కడిగాను. గోరింటాకు పైపైనే పండింది కాబట్టి లేత రంగే మిగిలింది. కింద బొటనవేళ్ళూ, వాటి పక్క రెండేళ్ళూ నల్లగా కమిలి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. అరచేతిలో ఒకచోట పచ్చిపుండు. దాని మీదే ఆ పొడి మెత్తారు. మండిందా అంటే, అలవాటేనండి అంది. నాకు ఏడుపొచ్చింది, అక్కడే ఏడ్చాను. అధికారి ఏడవకూడదని ఏ పుస్తకంలోనో ఉండే ఉంటుంది. కమిటీవాళ్ళకి ఫోన్ చేసి అనుమతి తీసుకుని, వెంట మహిళా కానిస్టేబుల్ని పిలిపించుకుని, ఆ సాయంత్రమే పాపని మొదట ఆసుపత్రికీ తర్వాత పిల్లల వసతి గృహానికీ చేర్చాను.

అసలు చిక్కు మంగళవారం మొదలైంది. మా ఆఫీసు పెద్దాయన మంచివాడు, నామీద అభిమానం ఉన్నవాడు. అయిదో రిపోర్టు రాయండి, ఇటీవల పరిస్థితి మారింది, కావున పాపని తరలించడమైనది అని రాస్తే సరిపోతుంది, పాత నాలుగూ అలాగే ఉంటాయి, మీ సర్వీసుకి మచ్చ రాదు అన్నారు. అందులో అబద్ధం కూడా పెద్దగా లేదనిపించింది. కలం కూడా తీశాను. ఎందుకో ఎస్సైకి ఫోన్ చేశాను. ఈసారి ప్రశ్నలే అడగాలన్న నియమం లేదు కదా, ఆయన నోరు విప్పాడు.

"పరిస్థితి మారిందని రాస్తే, ఎప్పట్నుంచని అడుగుతారు మేడమ్. నిన్నొక్కరోజే పిక్కలు కొట్టినాదని సెప్పి పెద్దమ్మ మీ కాగితాలే సూపిస్తాది. మీ నాలుగు రిపోర్టులూ ఆవిడ సాక్షులండి. వాటిని మీరే పడగొట్టాల."

గంటసేపు కూర్చున్నాను. నా చేతిరాత అంటే నాకు ఎంత ప్రేమో ఆ గంటలో తెలిసింది. తర్వాత అయిదో రిపోర్టు రాశాను. ముందే కబురు పెట్టి వెళ్ళడం వల్ల నాలుగుసార్లూ నన్ను మోసగించడానికి వీలు నేనే కల్పించాననీ, పాపతో ఒంటరిగా ఎన్నడూ మాట్లాడలేదనీ, గోరింటాకుని ప్రేమకి గుర్తుగా రాయడం నా పొరపాటనీ, ఆ నాలుగింటినీ లెక్కలోకి తీసుకోవద్దనీ రాశాను. అది మూడు పేజీలు వచ్చింది, నిండా కొట్టివేతలే. తిరగరాయకుండా అలాగే ఇచ్చేశాను.

ఎస్సై చెప్పినట్టే జరిగింది. బుధవారం కమిటీ ముందు పెదనాన్న చేతులు కట్టుకుని నిలబడి, ఈ మేడమ్ గారే మేం ముద్దుగా చూసుకుంటున్నామని రాశారు కదండీ అన్నాడు. చైర్‌పర్సన్ అయిదు రిపోర్టులూ బల్లమీద వరసగా పరిచి, అయిదింటి కిందా మీ సంతకమే ఉంది, వీటిలో మేం దేన్ని నమ్మాలి అని నన్ను అడిగారు.

"నాలుగు నేను చూసి రాసినవండి. అయిదోది పాప చెప్పింది" అన్నాను.

గదిలో మా ఆఫీసు పెద్దాయన కూడా ఉన్నారు. ఆయన తల దించుకున్నారు. పాపని ఆ ఇంటికి పంపకూడదని కమిటీ తేల్చింది. ఆడపిల్లల హాస్టలు ఉన్న బడిలో చేర్చమని, చెన్నైలో ఉన్న తండ్రిని పిలిపించమని, పని చేయించుకున్నవాళ్ళ మీద కేసు పెట్టమని ఉత్తర్వు ఇచ్చింది. నాకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. రావలసిందే. సర్వీసు రిజిస్టర్లో అదొక్కటే ఎర్ర సిరా, రిటైరయ్యేనాటికి కూడా ఉంది.

డిప్లొమా పూర్తిచేశాను, చట్టాల పేపరులో మాత్రం బొటాబొటీగా గట్టెక్కాను. నర్సుకి క్షమాపణ చెప్పడానికి మూడు వారాలు పట్టింది. ఆవిడ, ముందు అన్నం తినండి మేడమ్ అని క్యారేజీ నా వైపు జరిపింది. నేను పాపకి అన్నం తినిపించడం సరైన పద్ధతి కాదని టీచరమ్మ చెప్పింది, అధికారికీ బిడ్డకీ మధ్య కొంత దూరం ఉండాలట. కావచ్చు. ఈసారి పోట్లాడలేదు. ఆ ముప్పై ఏళ్ళలో నాతోపాటు ఒక నర్సూ, ఒక పోలీసూ కూర్చుని నా ఫైలుని ప్రశ్నలు అడిగిన రోజు ఆ క్లాసులో తప్ప ఇంకెక్కడా రాలేదు. మీకు అలాంటి బెంచీ దొరికితే లేచి వెళ్ళిపోకండి. వెళ్ళిపోయినా మళ్ళీ శనివారానికి తిరిగి రండి.

ఆ బుధవారం కమిటీ గదిలోంచి బయటికి వచ్చాక పాపని హాస్టలు వ్యాను ఎక్కించాలి. రెండు చేతులకీ తెల్లగా కట్లు. సంచి నేనే మోశాను. వ్యాను మెట్టు మీద నిలబడి, ఇప్పుడు నాకంటే కాస్త ఎత్తులో ఉండి, పాప అడిగింది.

"మీరు అక్కడికి వస్తారా మేడమ్?"

"వస్తాను."

"ఏ రోజు వస్తారు?"

నా అలవాటు కొద్దీ వచ్చే గురువారం అనబోయాను. మాట గొంతులోనే ఆపుకున్నాను.

"చెప్పను" అన్నాను.

పాప లోపలికి జరిగి, కిటికీ పక్క సీటులో కూర్చుంటూ, తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

"సెప్పనన్నారంటే, వస్తారు."